మందుకు చావని కలుపు - కొట్టుకుపోయే మన్ను

ప్రతి ఖరీఫ్‌లోనూ పత్తి మోకాలెత్తు కాకముందే మన ఊళ్ళలో ఒక తగాదా మొదలవుతుంది. అది కలుపు కూలి తగాదా. వానలు పట్టుకున్నాక ఊరందరి చేలూ ఒక్క వారంలోనే కలుపుకు వస్తాయి. కూలీలు రేటు పెంచమంటారు. రైతు, అందులోనూ కౌలుకు చేసే చిన్న రైతు, నెత్తిన చేతులు పెట్టుకుంటాడు. "అంత కూలి నేనెక్కడ తెచ్చేది? మందు కొట్టుకుంటా పొండి" అంటాడు. "కొట్టుకో అన్నా, రేపు పత్తి ఏరడానికి కూడా ఆ మందునే పిలుచుకో" అని మన అక్కలు జవాబు చెప్తారు. ఇద్దరూ ఇట్లా మాటా మాటా అనుకుంటూ ఉండగా పురుగుమందుల దుకాణం ముందు సీసాలు దిగుతూ ఉంటాయి.

ఈ తగాదాను మన సంఘాలు కూలి రేటు తగాదాగానే చూస్తూ వచ్చాయి. కూలి రేటు చిన్న విషయమేమీ కాదు. కాని ఆ చేలో రైతు కాని, కూలీ కాని మూడోది ఒకటుంది. దానికి నోరు లేదు. అది మన్ను. కలుపు తీసే పద్ధతి మారితే మన్ను నిలిచే పద్ధతీ మారిపోతుంది. ఈ మాట మనం గాలిలో చెప్పడం లేదు. గడ్డి మందునూ, ఆ మందు కొట్టినా చావని పంటనూ ముందుగా లక్షల ఎకరాల్లో వాడిన అమెరికా రైతు ఇవాళ ఆ మందుకు చావని కలుపుతో పెనుగులాడుతున్నాడు. ఆ పెనుగులాటలో అతను ఎనభై యేళ్ళుగా కాపాడుకుంటూ వచ్చిన మన్నుకే ఎసరు వచ్చింది. ఆ సీసా, ఆ విత్తనం మన ఊరికి కూడా వచ్చాయి గనుక ఆ కథ మనకు అక్కరకు వచ్చే కథ.

కలుపుకీ మన్నుకీ ఏం సంబంధం?

కలుపు తీయడానికి మనిషి దగ్గర ఉన్నవి ముఖ్యంగా మూడు దారులు. చేయి, ఇనుము, మందు. చేత్తో పీకడం, కొడవలితో తీయడం ఒకటి. నాగలి, గుంటక, దంతి, ఇప్పుడు ట్రాక్టరు - ఇవన్నీ ఇనుము. మూడోది సీసా.

ఇనుము కలుపును తీస్తుంది గానీ మన్నును కదిలిస్తుంది. చదును నేల అయితే ఫరవాలేదు. వాలు నేలలో లోతుగా దున్ని వదిలిన మన్ను మీద ఆషాఢంలో ఒక్క గట్టి వాన పడిందంటే, చినుకు దెబ్బకు మట్టి గడ్డ చితికి, బురదై, నీటితో పాటు వాగు పడుతుంది. పోయేది కింది మన్ను కాదు, పై నాలుగు వేళ్ళ మందం మన్ను. రైతు వేసిన పెంట, ఆకు, ఎరువు, వానపాము అన్నీ అందులోనే ఉంటాయి. ఒక అంగుళం మన్ను తయారు కావడానికి వందల యేళ్ళు పడుతుంది. అది పోవడానికి రెండు మూడు చెడ్డ వానలు చాలు.

నేల కప్పి ఉంటే మన్ను నిలుస్తుంది. మోడు గాని, ఆకు గాని, పైరు గాని, ఏదో ఒకటి చినుకుకీ మన్నుకీ మధ్య అడ్డం ఉండాలి. ఈ సంగతి చెప్పడానికి శాస్త్రవేత్త అక్కరలేదు. పూరింటి కప్పు కింద గోడ ఎందుకు నిలిచిందో తెలిసిన వాళ్ళకు ఇదీ తెలుసు. చిక్కల్లా ఎక్కడంటే, నేలను కదపకుండా వదిలేస్తే కలుపు మిగులుతుంది, కలుపు కోసం కదిపితే మన్ను పోతుంది.

దుమ్ము నేర్పిన పాఠం

అమెరికా మధ్య మైదానాల్లో తరతరాలుగా గడ్డి పట్టుకుని ఉన్న నేలను మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లోనూ ఆ తర్వాతా గోధుమ ధర చూసి ట్రాక్టర్లతో తిరగదున్నారు. 1930ల్లో వరుసగా కరువు వచ్చింది. కప్పు లేని మన్ను గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14 ఆదివారం నాడు లేచిన దుమ్ము తుఫానుకు పట్టపగలే చీకటి పడింది. దాన్ని నల్ల ఆదివారం అని ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ రోజుల్లోనే హ్యూ బెన్నెట్ అనే మట్టి శాస్త్రవేత్త వాషింగ్టన్‌లో పట్టుబట్టి తిరిగాడు. అదే నెల 27న భూసార పరిరక్షణ చట్టం వచ్చింది.

పాఠ్య పుస్తకాల్లో ఇక్కడిదాకా ఉంటుంది. అందులో ఉండనిది ఇంకొకటుంది. మన్ను లేచిపోయిన చోట లక్షల మంది కౌలుదార్లూ చిన్న రైతులూ ఇల్లు వాకిలి వదిలి కాలిఫోర్నియా తోటలకు కూలికి పోయారు. పత్తి పండే దక్షిణ రాష్ట్రాల్లో విస్తీర్ణం తగ్గించినందుకు ప్రభుత్వం ఇచ్చిన డబ్బు భూస్వామి జేబులో పడింది, పాలికి చేసేవాడు రోడ్డున పడ్డాడు. 1934లో ఆర్కాన్సా రాష్ట్రంలో టైరోంజా అనే ఊళ్ళో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి కౌలు రైతుల సంఘం పెట్టుకున్నారు. ఆ రోజుల్లో ఆ రెండు రంగులవాళ్ళు ఒక్క బల్ల మీద కూర్చోవడమే సాహసం. ఈ ఆర్కాన్సా పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ తర్వాత మన్నును కాపాడే పద్ధతులు ఒక్కొక్కటిగా వచ్చాయి. వాలుకు అడ్డంగా దున్నడం, కట్టలు వేయడం, గాలికి అడ్డంగా చెట్లు పెంచడం. అసలు దున్నకుండానే సాగు చేయడం 1960ల మొదట్లో కెంటకీ రాష్ట్రంలో వాడుకలోకి వచ్చింది. పాత పంట మోడు అట్లాగే ఉంచి, దాని మధ్య సన్న గీత గీసి విత్తనం వేస్తారు. మన్ను కదలదు, తేమ నిలుస్తుంది, డీజిలు ఖర్చు తగ్గుతుంది. మరి కలుపో? కలుపు పని మందుకు అప్పజెప్పారు. మొదట అట్రజిన్, పారాక్వాట్. 1974లో రౌండప్ పేరుతో గ్లైఫోసేట్ వచ్చింది. పచ్చగా ఉన్న ఏ ఆకు మీద పడినా వేరుదాకా దిగి చంపుతుంది. పంట మీద పడితే పంటా చస్తుంది. ఆ అడ్డు కూడా తీసేశారు. గ్లైఫోసేట్ కొట్టినా చావని సోయా చిక్కుడు విత్తనం 1996లో, పత్తి విత్తనం 1997లో మార్కెట్లోకి వచ్చాయి. విత్తనం అమ్మిందీ, మందు అమ్మిందీ ఒక్క కంపెనీయే.

ఇక్కడ ఉన్న మాట ఉన్నట్టు చెప్పుకోవాలి. ఆ పద్ధతి వల్ల మన్నుకు మేలు జరిగింది. 1982లో అమెరికా సాగు భూముల నుంచి ఏడాదికి సుమారు 306 కోట్ల టన్నుల మన్ను కోతకు గురయ్యేది. 2007 నాటికి అది 173 కోట్ల టన్నులకు తగ్గింది. అంటే నూటికి నలభై పైన తగ్గుదల. ఇదంతా మందు మహిమ అని కంపెనీల వాళ్ళు చెప్పుకున్నారు. అది నిజం కాదు. బాగా కోసుకుపోయే నేలల్లో పరిరక్షణ పద్ధతులు పాటించని రైతుకు ప్రభుత్వ సాయం ఆపేస్తామని 1985 చట్టం చెప్పింది. అట్లాంటి నేలలను సాగు మాని గడ్డికి వదిలితే డబ్బు ఇస్తామనీ చెప్పింది. ఆ చట్టం చేసిన పని తక్కువది కాదు. అయినా మందుకూ అందులో వాటా ఉంది. అది కాదనడం మనకు అక్కరలేదు. తప్పు జరిగింది వేరే చోట. మన్నును కాపాడే భారమంతా ఒకే ఒక్క మందు మీద మోపారు.

పామరుడు కాని పామర్

ఏటేటా ఒకే మందు కొడితే ఏమవుతుంది? మందు కలుపును మార్చదు. లక్ష మొక్కల్లో ఏదో ఒకటి పుట్టుకతోనే తట్టుకునేది ఉంటుంది. మందు మిగతా 99,999 మొక్కలనూ చంపి, ఆ ఒక్కదానికి చేనంతా ఖాళీ చేసి ఇస్తుంది. అది విత్తనం రాలుస్తుంది. రెండో యేడు పదులు, మూడో యేడు వేలు. రైతు మొదట మందు కల్తీ అనుకుంటాడు. మోతాదు పెంచుతాడు. మోతాదు పెంచినా చావనిది ఇంకా గట్టి రకమై నిలుస్తుంది.

2000 సంవత్సరంలో డెలావేర్ రాష్ట్రంలో గ్లైఫోసేట్‌కు చావని గుర్రపు కలుపు కనపడింది. దాని విత్తనం దూది పింజలా గాలికి ఎగురుతుంది. పైగా దున్నని నేల అంటేనే దానికి ఇష్టం. దున్నకుండా సాగు చేసే రైతుకు ఇంతకంటే శత్రువు ఏముంటుంది?

అసలు దెబ్బ 2004-05లో జార్జియా పత్తి చేలలో పడింది. అక్కడ తేలిన కలుపు పేరు పామర్ అమరాంత్. అది మన తోటకూర జాతిదే. మన దొడ్లో మొలిచే చిలకతోటకూరకూ, ముళ్ళ తోటకూరకూ దాయాది. పేరు పామర్ గానీ దానిలో పామరత్వం ఏమీ లేదు. మంచి ఎండలో రోజుకు రెండు అంగుళాలకు పైగా ఎదుగుతుంది. ఆడ మొక్క, మగ మొక్క వేరువేరు. మగ మొక్క పుప్పొడి గాలికి పక్క చేలదాకా పోతుంది, దానితో పాటు మందును తట్టుకునే గుణమూ పోతుంది. ఒక్క ఆడ మొక్క లక్షల విత్తనాలు రాల్చగలదు. గ్లైఫోసేట్ మొక్కలోని ఒక ఎంజైమును పట్టుకుని పనిచేస్తుంది. ఈ కలుపు ఏం చేసిందంటే, ఆ ఎంజైమును తయారు చేసే జన్యువును తనలో 5 నుంచి 160కి పైగా ప్రతులుగా పెంచుకుంది. ఒక తాళం వేస్తే నూరు తలుపులు తీసి పెట్టుకున్నట్టు. 2010లో శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు.

దీనికి రైతు దగ్గర మిగిలిన దారి ఏది? పాత ఇనుమే. పామర్ విత్తనం ఆవగింజ కంటే చిన్నది, లోతున పడితే పైకి రాలేదు. అందుకని మూలన పడేసిన నాగళ్ళు బయటికి తీశారు. మన్నును అడుగుదాకా తిరగేసి విత్తనాన్ని పాతిపెట్టారు. సాళ్ళ మధ్య ఇనుప పళ్ళతో మళ్ళీ మళ్ళీ గీకారు. ఏళ్ళ తరబడి మోడు కింద నిలుపుకున్న మన్ను మళ్ళీ బట్టబయలైంది. అమెరికాలోని వ్యవసాయ శాస్త్ర సాంకేతిక మండలి 2012 ఫిబ్రవరిలో అచ్చువేసిన పత్రం ఈ ప్రమాదాన్నే తలకట్టులో పెట్టింది. మందుకు లొంగని కలుపు భూ పరిరక్షణలో సాధించినదాన్ని దెబ్బతీస్తున్నదని అది హెచ్చరించింది. ఆ మండలి కంపెనీలకు శత్రువేమీ కాదు. కాబట్టి మన మాట నమ్మని వాళ్ళు ఆ మాటైనా నమ్మవచ్చు.

ఇంకో సంగతి మన చదువరులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇరవై యేళ్ళు ఇంకా గడవకముందే చేతి కలుపు తిరిగి వచ్చింది. 2006-2010 మధ్య జార్జియా పత్తి రైతుల్లో పదిమందికి తొమ్మిది మంది కూలీలను పెట్టి కలుపు తీయించారు. పత్తి విస్తీర్ణంలో సగం మేరకు చేయి పడింది. అంతకు ముందు అయిదారేళ్ళలో అది ఇరవయ్యో వంతు. మనిషెత్తు పెరిగి, కాండం కర్రలా గట్టిపడిన మొక్కను ఎండలో గునపం, పార పట్టుకుని తవ్వారు. కూలీ అక్కర లేదని అమ్మిన సీసా కూలీని మళ్ళీ చేలోకి దించింది, అదీ ముందుకంటే కష్టమైన పనికి.

కంపెనీలు దీన్నుంచి ఏం నేర్చుకున్నాయి? ఇంకో మందు అమ్మడం నేర్చుకున్నాయి. డైకాంబా అనే పాత మందుకు తట్టుకునే పత్తిని 2015లో, సోయాను 2016లో దించారు. డైకాంబా ఆవిరై గాలిలో కదులుతుంది. 2017 ఒక్క సంవత్సరంలోనే పక్క రైతుల సోయా సుమారు 36 లక్షల ఎకరాల్లో దెబ్బతిన్నదని లెక్క తేలింది. ఆర్కాన్సా సరిహద్దులో 2016లో ఈ మందు గాలి మీద వచ్చిన తగాదాలో ఒక రైతు తుపాకీ గుండుకు చచ్చిపోయాడు. ఒకనాడు రంగు భేదం మరిచి కౌలుదార్లు సంఘం కట్టిన రాష్ట్రం అది. కోర్టులు 2020లోనూ, 2024లోనూ ఆ మందు అనుమతులు కొట్టేశాయి. పక్క రైతు పైరు మాడిపోకుండా ఉండాలంటే నువ్వు కూడా అదే విత్తనం కొనుక్కోవాలి - ఇదీ ఆ వ్యాపారంలోని కిటుకు.

హర్యానా చెప్పే రెండో మాట

ఇదంతా చదివి, మందుకు చావని కలుపు వస్తే ఎక్కడైనా నాగలి తప్పదు, మన్ను పోక తప్పదు అనుకుంటే పొరపాటు. మన దేశంలోనే దానికి ఎదురు సాక్ష్యం ఉంది.

హర్యానా, పంజాబ్ గోధుమ చేలలో గుల్లి దండ అని ఒక గడ్డి. మొలకలో గోధుమకూ దానికీ తేడా తెలియదు, పీకేవాళ్ళు కూడా మోసపోతారు. 1970ల చివరి నుంచి దానికి ఐసోప్రోట్యూరాన్ అనే ఒకే మందు కొట్టుకుంటూ వచ్చారు. వరి, గోధుమ, మళ్ళీ వరి, మళ్ళీ గోధుమ. మధ్యలో వేరే పంట లేదు. 1990ల మొదట్లో ఆ మందు పనిచేయడం మానేసింది. పైరు కంటే గడ్డి మిన్నగా ఉన్న చోట రైతులు పచ్చి గోధుమనే పశువులకు కోసి వేశారు.

అప్పుడు హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు దున్నకుండా గోధుమ విత్తడం చేయించారు. వరి కోసిన వెంటనే, మోడు మధ్యలో, సన్న గీత గీసి విత్తే యంత్రంతో. గుల్లి దండ విత్తనం మన్ను కదిలితేనే ఎక్కువ మొలుస్తుంది. కదపకపోతే తక్కువ మొలుస్తుంది. గోధుమ వారం పదిరోజులు ముందు పడటంతో గడ్డి మొలిచేసరికి పైరు దాన్ని అణగదొక్కింది. అంటే అమెరికాలో మొండి కలుపు నాగలిని వెనక్కి తెస్తే, ఇక్కడ మొండి కలుపే నాగలిని పక్కన పెట్టించింది. ఒక్కో కలుపు స్వభావం ఒక్కో రకం. దాని పుట్టుక, మొలక, విత్తనం తెలుసుకున్నవాడికి దారి దొరుకుతుంది.

కాకపోతే అక్కడ కూడా తర్వాత కొత్త మందుల మీదనే పడ్డారు. రెండు పంటల గానుగ మారలేదు. పదేళ్ళు పట్టకుండానే గుల్లి దండ ఆ కొత్త మందుల్లో కొన్నింటికి కూడా చావడం మానేసింది. దున్నడమా మానడమా అన్న వాదం దగ్గర ఆగిపోతే అసలు జబ్బు దొరకదు.

మన చేల సంగతి

మన దేశపు మన్ను ఎంత పోతున్నదో 1983లో ధ్రువ నారాయణ, రాంబాబు అనే శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఏడాదికి 533 కోట్ల టన్నులు, హెక్టారుకు సగటున 16 టన్నుల పైన. అందులో పదో వంతు దాకా జలాశయాల్లో పూడికగా చేరుతుందన్నారు. అనంతపురం, కర్నూలు రైతులకు తుంగభద్ర కాలువ సంగతి తెలుసు. 1953లో సుమారు 133 టీఎంసీలు పట్టే ఆ జలాశయంలో పాతిక టీఎంసీలకు పైగానే పూడిక చేరింది. ఎగువన ఎవరి చేలోదో, ఎవరి కొండదో అయిన మన్ను దిగువన మన నీళ్ళ చోటు ఆక్రమించింది. మన చల్క నేలలు, ఎర్ర దుబ్బలు పలుచన. రేగడి లోతు ఉన్నా గట్టి వానకు గండ్లు పడుతుంది.

ఇట్లాంటి నేలల్లోకి గడ్డి మందు పత్తి దొంగదారిన వచ్చింది. బీజీ-3 అని, బీటీ-3 అని ఊళ్ళలో పిలుస్తున్న విత్తనం అదే. దాన్ని ఈ దేశంలో అమ్మడానికి అనుమతి కోరిన కంపెనీ 2016లో తన దరఖాస్తు తానే వెనక్కి తీసుకుంది. అయినా విత్తనం మాత్రం చేలలోకి చేరింది. 2017-18లో కేంద్రం వేసిన పరిశీలక కమిటీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర పత్తిలో సుమారు 15 శాతం దాకా అది ఉన్నదని తేల్చింది. 2018లో రెండు తెలుగు రాష్ట్రాలూ గ్లైఫోసేట్ అమ్మకం మీద ఆంక్షలు పెట్టాయి. 2022 అక్టోబరులో కేంద్రం, లైసెన్సు ఉన్న తెగుళ్ళ నివారణ పనివాళ్ళు తప్ప ఇంకెవరూ గ్లైఫోసేట్ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మన ఊళ్ళలో ఆ పనివాళ్ళను చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. చేలో కొట్టేది మన కూలీయే, ముక్కుకు తువ్వాలు కట్టుకుని.

అనుమతి లేని విత్తనానికి బిల్లు ఉండదు. మొలవకపోయినా, కాయ పట్టకపోయినా నష్టపరిహారం అడిగే దారి లేదు. దాడులు జరిగినప్పుడు దొరికేది సంచి మోసే చిన్న వ్యాపారి, కేసు భయంతో వణికేది రైతు. విత్తనం పుట్టిన చోటికి చేయి పోదు.

డెల్టాలో సంగతి ఇంకో రకం. గుంటూరు, కృష్ణా మాగాణుల్లో వరి కోసిన తడి నేలలో దున్నకుండానే మొక్కజొన్న వేయడం 2000ల నుంచి బాగా పెరిగింది. మోడు మధ్య రంధ్రాలు చేసి విత్తనం వేసేది మన స్త్రీలే. మన్నుకు, నీటికి, ఖర్చుకు అది మంచి పద్ధతి. దాన్ని మనం తప్పు పట్టడం లేదు. కాని అక్కడ కూడా కలుపు భారం మొత్తం ఒకటి రెండు మందుల మీదనే పడింది. ఆ మందులకు చావని కలుపు ఒకటి వచ్చిన నాడు రైతు మళ్ళీ ట్రాక్టరు పిలుస్తాడు, లేదా ఇంకా ఘాటైన సీసా పిలుస్తాడు. ఆ దాకా ఆగి చూద్దామని కూర్చోవాలా?

కూలీ మాట, రైతు మాట

"కూలీలు రేట్లు పెంచబట్టే రైతు మందుకు పోయాడు" అనే మాట ఇప్పుడు ప్రతి మీటింగులోనూ వినిపిస్తుంది. వ్యవసాయాధికారులు కూడా అంటున్నారు. ఈ మాటలో సగం నిజం ఉంది గనుకనే అది అంత ప్రమాదకరం. కలుపు కూలి చిన్న రైతుకు బరువే. అయితే అతని నెత్తిన ఉన్న కౌలు, వడ్డీ, విత్తనం ధర, ఎరువు ధర తగ్గించే శక్తి అతని చేతుల్లో లేదు. ఎదురుగా నిలబడి బేరమాడగలిగింది ఒక్క కలుపు తీసే ఆడమనిషితోనే. అందుకే ఆమె కూలే అతనికి ముందు కనపడుతుంది. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా, కలుపు ఆడవాళ్ళ పని, కాబట్టి తక్కువ కూలి అనే లెక్క మన ఊళ్ళలో చెరిగిపోలేదు.

అట్లాగని కలుపు తీతను మనం పూజించనక్కరలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుము వంచి, బురదలోనో ఎండలోనో చేసే పని అది. నలభై యేళ్ళకే నడుము పట్టేసిన అక్కలు మన సంఘాల్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. వంగకుండా చేసే పనిముట్టు ఉన్నప్పుడు వంగి చేయడమే గొప్ప అని ఏ కూలీ అనదు. మన అభ్యంతరం పని తేలిక కావడం మీద కాదు. పని పోయి, బదులుగా ఏమీ రాకపోవడం మీద.

మందు కొట్టేదీ మన మనిషే అన్నది కూడా మరవకూడదు. పారాక్వాట్ కడుపులోకి పోతే దానికి విరుగుడు మందు లేదు. డబ్బా కారి వీపు తడిసినవాడు రోజు కూలి కోసం తడి చొక్కాతోనే మిగతా ఎకరం పూర్తి చేస్తాడు. ఆ రోజు కూలి రెండు వందలు ఎక్కువ ఇస్తే మందు కంపెనీ చేతులు కడుక్కున్నట్టేనా?

కలుపు అనేది ఎవరికి కలుపు అన్న ప్రశ్న కూడా ఉంది. చేలోంచి తీసిన తుమ్మికూర, చెంచలికూర, పాయలకూర, తోటకూర సాయంత్రం కూలి ఇంట పొయ్యి మీదికి వస్తాయి. గడ్డి గేదెకు పోతుంది. గునుగు పువ్వు బతుకమ్మకు పోతుంది. కూలికి వెళ్ళిన స్త్రీకి డబ్బుతో పాటు ఇంటికి వచ్చే ఈ కూరా, మేతా ఏ లెక్కల పుస్తకంలోనూ ఎక్కవు. మందు కొట్టిన చేలో అవి ఉండవు. ఉన్నా తినడానికి భయం.

మరి మన్ను సంగతికి వస్తే, చేతి కలుపులో ఎవరూ గుర్తించని మేలు ఒకటుంది. పువ్వు పూయకముందే పీకిన కలుపును సాళ్ళ మధ్యనే పరిస్తే అది ఎండి నేలకు కప్పు అవుతుంది. వాన చినుకు దాని మీద పడుతుంది, తేమ ఆగుతుంది, నెలలో కుళ్ళి ఎరువవుతుంది. తుంగ, గరిక మాత్రం పరవకూడదు, మళ్ళీ వేరు పట్టుకుంటాయి, వాటిని గట్టు దాటించి ఎండగట్టాలి. ఏ మొక్కను పరవాలో దేన్ని బయట వేయాలో ఆ అక్కకు ఎవరూ నేర్పనక్కరలేదు. మొలక చూసి పేరు చెప్పగలిగిన మనిషిని నైపుణ్యం లేని కూలీ అని రాస్తున్న ప్రభుత్వ రిజిస్టరునే మార్చాలి.

మన సంఘాలు ఏం అడగాలి? కలుపు పనికి కనీస కూలి, ఆడ మగ తేడా లేకుండా. నిలబడి తోసే చక్రం కలుపు యంత్రాలు, వరిలో కోనో వీడర్లు, పొడుగు కర్ర పనిముట్లు కూలీల సంఘాల పేరనే సబ్సిడీ మీద ఇవ్వాలి. సబ్సిడీ ట్రాక్టరు ఉన్నవాడికే ఇచ్చి పేదల యాంత్రీకరణ అని పేరు పెట్టకూడదు. పత్తిలో కంది, పెసర, అలసంద వేసుకునే రైతుకు విత్తనం ఉచితంగా ఇవ్వాలి. సాళ్ళ మధ్య నేల పైరుతో కప్పుకుంటే కలుపుకు ఎండ తగలదు, చినుకుకు మన్ను దొరకదు. వాలుకు అడ్డంగా విత్తడం, తెగిన గట్లు వేసవిలోనే కట్టించడం ప్రభుత్వ ఖర్చున జరగాలి. కౌలు రైతుకు ఇందులో వాటా లేకపోతే ఏదీ నిలవదు. ఏడాదికే కౌలు ఉన్నవాడు వచ్చే యేటి మన్ను గురించి ఎందుకు పట్టించుకుంటాడు? కాబట్టి కనీసం అయిదేళ్ళ కౌలు పత్రం అడగాలి. ఇది భూమి చట్టం తగాదా అనిపించవచ్చు గానీ మన్ను తగాదా కూడా ఇదే.

రాజేంద్రనగర్‌లోని జయశంకర్ విశ్వవిద్యాలయం, గుంటూరు లాంలోని రంగా విశ్వవిద్యాలయం, జబల్పూరులోని కలుపు పరిశోధన సంస్థ - వీటి శాస్త్రవేత్తలు మన జీతాలతో బతుకుతున్నవాళ్ళే. మందుకు చావని కలుపు ఎక్కడ కనపడినా పరీక్ష చేసి, ఊరి పంచాయతీకి కాగితం మీద చెప్పాలని అడుగుదాం. దుకాణదారు సలహా మీద నడిచే వ్యవసాయం చాలు.

ఈ లోగా రైతు కూలీ సంఘాల కమిటీలు ఈ ఖరీఫ్ నుంచే చేయగలిగిన పని ఒకటుంది. మందు కొట్టిన చేలో రెండు వారాల తర్వాత ఒకసారి నడవాలి. చుట్టూ అన్నీ మాడి, మధ్యలో ఒక్కటి పచ్చగా నిలబడి ఉంటే ఊరికే వదలకూడదు. సాలు మూలన మందు తగలక మిగిలిందా, తగిలీ చావలేదా చూడాలి. తగిలిన ఆకు మచ్చ ఉండీ కొత్త చిగురు వేస్తే అది రెండో రకం. దాన్ని ఇంకో మోతాదు కొట్టి చూద్దామని ఆగకుండా, పువ్వు రాకముందే వేరుతో పీకాలి. అప్పటికే విత్తనం పడితే సంచిలో వేసి బయటికి తెచ్చి కాల్చాలి, గట్టు మీద పడేయకూడదు. ఏ చేలో, ఏ మందుకు, ఏ తేదీన కనపడిందో నోటు పుస్తకంలో రాసుకుని మండల వ్యవసాయాధికారికి ఇచ్చి రశీదు తీసుకోవాలి. ఆ నడిచిన రోజుకు కూలి ఎవరు ఇవ్వాలన్నది ముందే రైతుతో కూర్చుని మాట్లాడుకోండి, తర్వాత తగాదా పడకుండా.